గిటార్ ఒక్కటి... చెవులు రెండు!

ఇంట్లో రికార్డు చేసిన గిటార్ ఒక చెవిలోనే వినిపిస్తుందేం? హెడ్‌ఫోన్స్‌లో హాయిగా ఉన్న పాట, ఫోన్ స్పీకర్లో పెట్టగానే ఎందుకు చప్పబడిపోతుంది? రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. అదే మోనో, స్టీరియోల లెక్క.

ఒకప్పుడు గిటార్ అంటే సినిమాలో హీరో భుజాన వేలాడేది. మహా అయితే కాలేజీ వార్షికోత్సవంలో కనిపించేది. ఇప్పుడు జహీరాబాద్ లాంటి ఊళ్లలోనూ ఇంటి గోడకు తగిలించి ఉంటోంది. ఇంటర్నెట్లో వీడియోలు చూసి నాలుగు కార్డులు నేర్చుకోవడం, ఓ పాట రికార్డు చేసి బంధువుల వాట్సప్ గ్రూపులో పెట్టడం... అన్నీ ఇంట్లోనే. స్టూడియో కోసం వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. పడకగదే స్టూడియో. కిటికీకి కట్టిన దుప్పటే సౌండ్‌ప్రూఫ్!

చిక్కల్లా తర్వాతే మొదలవుతుంది. రెండు గంటలు కష్టపడి రికార్డు చేస్తే గిటార్ ఎడమ చెవిలోనే మోగుతుంది. కుడివైపు నిశ్శబ్దం. ఎలాగో తంటాలు పడి రెండువైపులా వచ్చేలా చేస్తే, హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. అదే పాట అమ్మ ఫోన్లో పెట్టుకుంటే గొంతు వినిపిస్తుంది, గిటార్ ఎక్కడో బావిలోంచి మోగినట్టుంటుంది. ‘ఖరీదైన మైక్ కొనాలేమో’ అని అబ్బాయి, ‘ఇంకా ఖర్చా’ అని నాన్న. నిజానికి లోపం మైక్‌లో లేదు. శబ్దాన్ని రెండు చెవులకూ పంచిన తీరులో ఉంది.

ఈ పంపకం గురించి అన్నిటికన్నా మంచి పాఠం జహీరాబాద్‌కు దగ్గర్లోనే, మాచునూర్ అనే పల్లెలో ఉంది. అక్కడికి కాసేపట్లో వెళ్దాం. ముందు మన చెవుల సంగతి చూద్దాం.

రెండు చెవుల మాయ

కళ్లు మూసుకుని వాకిట్లో కూర్చోండి. మోటార్‌సైకిల్ ఎటునుంచి వస్తోందో, ఎటు వెళుతోందో చెప్పేయగలరు. ఎలా? ఎడమవైపు శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, తలను చుట్టుకుని కుడి చెవికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ ‘కాస్త’ ఎంతో తెలుసా? శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మన తల వెడల్పు జానెడు కూడా ఉండదు. కాబట్టి తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఎంత ఎక్కువనుకున్నా 0.6, 0.7 మిల్లీసెకన్లు. దాంతోపాటు తల అడ్డం రావడంవల్ల రెండో చెవికి శబ్దం కొంచెం తగ్గుతుంది కూడా. ఈ రెండు చిన్న తేడాలనూ పట్టుకుని మెదడు దిక్కు చెప్పేస్తుంది.

స్టీరియో చేసే పనల్లా ఈ తేడాను నకలు చేయడమే. ఎడమ స్పీకరుకు ఒక శబ్దం, కుడి స్పీకరుకు ఇంకో శబ్దం పంపుతారు. రెండింటికీ సమానంగా పంపినది సరిగ్గా మధ్యలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. అక్కడ స్పీకరేమీ ఉండదు. అయినా గాయకుడు నడుమ నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. ఒకవైపు పెంచి, రెండోవైపు తగ్గిస్తే శబ్దం అటువైపు జరుగుతుంది. ఈ జరపడాన్నే ప్యానింగ్ అంటారు.

మరి మోనో? శబ్దమంతా ఒకే ఒక్క దారిలో రావడం. ఇక్కడ చాలామంది పొరబడేది స్పీకర్ల లెక్క దగ్గర. గుడి గోపురం మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకులు కట్టి ఉంటాయి. నాలుగింట్లోనూ ఒకే సుప్రభాతం. అది మోనోనే! స్పీకర్లు ఎన్నున్నాయన్నది కాదు, వాటికి వెళ్లే శబ్దాలు వేరువేరా ఒకటేనా అన్నదే లెక్క.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమెంట్ ఆడెర్ అనే ఇంజినీరు ఒపెరా వేదిక దగ్గర టెలిఫోన్ పరికరాలు అమర్చి, చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లతో జనానికి పాట వినిపించాడు. ఇవాళ్టి స్టీరియోకు పునాది వేసింది మాత్రం బ్రిటన్ ఇంజినీరు అలన్ బ్లుమ్లైన్. తెరమీద నటుడు ఒకవైపు నడుస్తుంటే మాట మాత్రం వేరే చోటునుంచి రావడం ఆయనకు నచ్చలేదు. మనిషి ఎటుపోతే గొంతూ అటే పోవాలనుకుని 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

మన సినిమాల సంగతే చూడండి. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. అంతా మోనోనే. ఆ పాటల్ని మన తాతలు, తండ్రులు ఒక్క స్పీకరున్న రేడియోల్లో విన్నారు, మనమూ విన్నాం. ఎవరికైనా ఏదైనా తగ్గినట్టు అనిపించిందా? తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా ‘సింహాసనం’ 1986లో స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. ఆ మాయాబజారే 2010లో రంగులద్దుకుని, డీటీఎస్ శబ్దంతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అంటే మోనోలో నిలబడిన పాటకు స్టీరియో సొగసు తర్వాత కూడా అద్దవచ్చు. మోనోలో నిలబడని పాటకు ఎన్ని స్పీకర్లు పెట్టినా లాభం లేదు.

తీగ మీద నల్ల గీత

ఇక మొదటి చిక్కు... గిటార్ ఎడమ చెవిలోనే ఎందుకు మోగుతోంది?

గిటార్‌కు తగిలించే కేబుల్ చివర పావు అంగుళం పిన్ను ఉంటుంది. దానిమీద నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు మీ హెడ్‌ఫోన్స్ పిన్ను చూడండి. రెండు గీతలు. మైక్ కూడా ఉన్న ఫోన్ హెడ్‌సెట్ అయితే మూడు. గీత అంటే లోహపు భాగాల మధ్య ఉన్న అడ్డుగోడ. ఒక్క గీత ఉంటే శబ్దానికి ఒక దారి, ఎర్త్‌కు ఒక దారి. రెండు గీతలుంటే ఎడమకొకటి, కుడికొకటి, ఎర్త్‌కు ఇంకొకటి. అంటే మామూలు ఎలక్ట్రిక్ గిటార్ పుట్టుకతోనే మోనో. ఒక మైక్ ముందు వాయించిన అకూస్టిక్ గిటార్ కూడా అంతే. ఒక మైక్ అంటే ఒక చెవి అన్నమాట.

ఇంట్లో రికార్డింగుకు వాడే ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బాకు సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి. కంప్యూటర్లో స్టీరియో ట్రాక్ తెరిస్తే, సాఫ్ట్‌వేర్ మొదటి రంధ్రాన్ని ఎడమగా, రెండోదాన్ని కుడిగా తీసుకుంటుంది. మీరు గిటార్‌ను మొదటిదానికే తగిలించారు. రెండోది ఖాళీ. ఖాళీ రంధ్రంలోని నిశ్శబ్దం కూడా శ్రద్ధగా రికార్డయి కుడి చెవికి చేరింది. అదీ అసలు సంగతి!

మందు చాలా తేలిక. గిటార్‌కు మోనో ట్రాకే తెరవండి. 2000లో వచ్చి ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు రికార్డింగ్ ఛానెల్స్ దగ్గర ‘1 (మోనో)’ ఎంచుకుంటే చాలు. ఇప్పటికే స్టీరియోలో రికార్డు చేసేశారా? కంగారు పడొద్దు. ట్రాక్ పేరు దగ్గరున్న మెనూలో స్టీరియోను రెండు మోనోలుగా విడదీసే సదుపాయం ఉంటుంది. విడదీసి, ఖాళీది తీసేయండి. మిగిలిన మోనో ట్రాక్ రెండు చెవుల్లోనూ సమానంగా, నడుమన మోగుతుంది.

పైగా చోటు కూడా మిగులుతుంది. సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే మోనోకు నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు. స్టీరియోకు దానికి రెట్టింపు. సగం నిశ్శబ్దాన్ని దాచుకోవడానికి ఎందుకంత దండగ?

అకూస్టిక్ గిటార్ అయితే మైక్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యం. కొత్తవాళ్లంతా గిటార్ పొట్టమీది గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడతారు. అక్కడ బొంయ్‌మనే మోత ఎక్కువ. మెడమీది పన్నెండో ఫ్రెట్‌కు ఎదురుగా, జానెడున్నర దూరంలో పెట్టి చూడండి. తీగల మెరుపు, చెక్క గుల్లతనం రెండూ సమపాళ్లలో పడతాయి.

జిరాక్స్ తీస్తే జంట కాదు

ఇప్పుడు రెండో కోరిక పుడుతుంది. ‘సినిమా పాటల్లో గిటార్ రెండువైపులా పరుచుకుని ఉంటుంది కదా... మాకూ అలా కావాలి!’

చాలామంది చేసే పని... ఉన్న ట్రాక్‌ను కాపీ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకు, ఇంకొకటి పూర్తిగా కుడికి జరపడం. విని చూస్తే ఏముంది? మళ్లీ నడుమనే! రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తే అది మధ్యలోనే వినిపిస్తుందని ముందే చెప్పుకున్నాం. మోత పెరిగిందంతే. పెద్దగా వినిపిస్తే బాగున్నట్టు అనిపించడం చెవికి అలవాటు కాబట్టి కాసేపు మోసపోతాం.

అసలైన దారి... అదే పాటను రెండోసారి వాయించడం. మొదటిసారి వాయించింది ఎడమకు, రెండోసారిది కుడికి. ఒకే మనిషి, ఒకే గిటార్ అయినా రెండుసార్లూ అచ్చు గుద్దినట్టు రాదు. ఒక మీటు వెంట్రుకవాసి ముందు పడుతుంది, ఒకటి వెనక పడుతుంది. ఒకచోట వేలు గట్టిగా, ఒకచోట మెత్తగా తగులుతుంది. ఆ చిన్న చిన్న తేడాలే చెవులకు ‘ఇక్కడ ఇద్దరున్నారు’ అని చెబుతాయి. దీన్నే డబుల్ ట్రాకింగ్ అంటారు. రెండోసారి కాపో బిగించి, అవే కార్డులను వేరే వేళ్ల అమరికతో వాయిస్తే ఇంకా విశాలంగా ఉంటుంది. పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా తాళం తప్పకుండా రెండోసారి కూర్చునే ఓపిక.

ఓపిక లేనివాళ్లకు ఒక అడ్డదారి ఉంది. కాపీ చేసిన ట్రాక్‌ను కొన్ని మిల్లీసెకన్లు వెనక్కి జరపడం. హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1949లో దీని గుట్టు విప్పాడు. ఒకే శబ్దం కొద్దిపాటి తేడాతో రెండుసార్లు వస్తే చెవి దాన్ని రెండుగా వినదు. ఒకటిగానే వింటుంది, ముందొచ్చిన వైపే అది ఉందనుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఈ కిటుకు భలేగా పనిచేస్తుంది. గది గోడలు రెండు పక్కలకూ జరిగినట్టుంటుంది.

కానీ ఆ పాటను ఒక్క స్పీకరులో పెట్టి చూడండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అలలు గుర్తు తెచ్చుకోండి. ఒక అల లేచే చోట ఇంకో అల పడితే రెండూ కలిసి సమతలమైపోతాయి. ఉదాహరణకు ట్రాక్‌ను ఒక మిల్లీసెకను జరిపారనుకుందాం. 500 హెర్ట్జ్ దగ్గర, ఆపైన 1500, 2500... ఇలా వరసగా కొన్ని శబ్దాలు రద్దయిపోతాయి. గిటార్ సన్న తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర మీటితే వచ్చే స్వరం సుమారు 494 హెర్ట్జ్. అంటే మీరు ఎంతో ముచ్చటపడి మీటిన ఆ స్వరం అసలు పలుకే పోయి, డొల్లగా మిగులుతుంది! ఫోన్లో గిటార్ బావిలోంచి వచ్చినట్టుండటానికి సాధారణంగా కారణం ఇదే.

దీనికన్నా ప్రమాదకరమైన మీట ఇంకొకటుంది. ఒకవైపు ట్రాక్‌ను తలకిందులు చేసేది. స్టీరియోను ‘విశాలం’ చేస్తామనే కొన్ని ఎఫెక్టులూ కొంతవరకూ ఇలాంటి పనే చేస్తాయి. అచ్చంగా ఒకేలా ఉన్న రెంటిలో ఒకదాన్ని తలకిందులు చేసి మోనోలో కలిపితే మిగిలేది సున్నా. హెడ్‌ఫోన్స్‌లో చెవుల చుట్టూ తిరిగిన గిటార్, ఒక్క స్పీకరులో పూర్తిగా మాయం!

రెండు మైకులున్న అదృష్టవంతులకూ ఇదే హెచ్చరిక. రెంటినీ గిటార్ ముందు ఎడంగా పెడితే శబ్దం ఒకదానికి ముందు, ఒకదానికి తర్వాత చేరి ఇదే గొడవ మొదలవ్వచ్చు. రెండు మైకుల తలలూ దాదాపు తగిలేలా ఒకేచోట పెట్టి, వాటి చూపులు లంబకోణంలో ఉండేలా తిప్పండి. దీన్ని ఎక్స్‌-వై పద్ధతి అంటారు. రెంటికీ శబ్దం ఒకేసారి చేరుతుంది కాబట్టి మోనోలో కలిపినా చెడదు.

కచేరీలో ఎవరెక్కడ?

ట్రాకులన్నీ సిద్ధమయ్యాక పంపకం. కర్ణాటక సంగీత కచేరీ వేదికను గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాడేవారు నడుమ. ఒక పక్క వయొలిన్, ఇంకో పక్క మృదంగం. వెనక తంబురా. ఎవరిచోటు వారిది. ఒకరిమీద ఒకరు పడరు.

ఇంటి పాటకూ అదే పద్ధతి. గొంతు ఎప్పుడూ నడుమనే. బేస్ గిటార్, డోలు లాంటి బరువైన శబ్దాలూ నడుమనే. రెండుసార్లు వాయించిన రిథమ్ గిటార్లు చెరో పక్క. మధ్యలో వచ్చే విడి మీటులు కాస్త పక్కకు. ప్యానింగ్ మీటను గడియారం అనుకోండి. పన్నెండు దగ్గరుంటే నడుమ. పది దగ్గరుంటే కాస్త ఎడమ. రెండు దగ్గరుంటే కాస్త కుడి. ఒక పక్క గిటార్ పెడితే రెండో పక్క ఇంకేదైనా తూకానికి ఉండాలి. లేకపోతే ఒకే పక్క కావిడి మోసినట్టుంటుంది.

ఒక గొంతు, ఒకే ఒక్క గిటార్ ఉంటే? రెంటినీ నడుమనే ఉంచండి. మరీ ఇరుకనిపిస్తే గిటార్‌ను పదకొండు దాకా జరపండి. ఒక చెవికి గొంతు, ఇంకో చెవికి గిటార్ మాత్రం వద్దు. ఎందుకంటారా? బస్సులో అక్కాతమ్ముళ్లు ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరొకటి పెట్టుకుని వింటుంటారు చూడండి. అక్కకు గొంతే, తమ్ముడికి గిటారే! ఇద్దరూ విన్నది ఒకే పాట కాదు.

ఇది నవ్వుకునే సంగతే కావచ్చు. కానీ ఒక చెవి వినిపించని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎందరున్నారు? వాళ్లకు అందులో సగం పాట ఎప్పటికీ చేరదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ అనే మీట పెట్టింది ఇలాంటివారి కోసమే. దాన్ని నొక్కితే రెండువైపుల శబ్దమూ కలిసి రెండు చెవుల్లోనూ వస్తుంది. తాతయ్య ఫోన్లో ఆ మీట ఉందో లేదో ఇవాళే చూడండి. పాటలు వినడం మానేసింది ఆసక్తి లేక కాదేమో!

మాచునూర్ చెప్పే పాఠం

ఇక మాచునూర్‌కు వెళ్దాం. ఒకప్పటి మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన పల్లె. 2008 అక్టోబరు 15న ఇక్కడ 90.4 ఎఫ్ఎం మీద ‘సంఘం రేడియో’ మొదలైంది. దేశంలో విద్యాసంస్థల చేతిలో కాకుండా ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా గ్రామీణుల చేతికి వచ్చిన తొలి కమ్యూనిటీ రేడియో ఇది. పస్తాపూర్ కేంద్రంగా పీవీ సతీష్ తదితరులు ప్రారంభించిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దీని వెనకుంది. దూరదర్శన్‌లో కార్యక్రమాలు రూపొందించిన అనుభవం ఉన్న సతీష్ 2023లో కన్నుమూశారు. రేడియోను ప్రారంభించిన జస్టిస్ పీబీ సావంత్, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి నాయకత్వం వహించినవారే.

నడిపిందెవరో తెలుసా? చుట్టుపక్కల పల్లెల దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ రేడియోకు గొంతులయ్యారు. లైసెన్సు రాకముందే, 1990ల చివర్లోనే, యునెస్కో సాయంతో ఏర్పడిన స్టూడియోలో రికార్డింగ్ నేర్చుకున్నారు. ప్రసారం చేసే వీల్లేక క్యాసెట్లనే మహిళా సంఘాల సమావేశాలకు తీసుకెళ్లి వినిపించారు. విత్తనాల ముచ్చట్లు, జొన్న, కొర్ర లాంటి పాత పంటల సంగతులు, ఇంటి వైద్యం, పండగ పాటలు, పొలం పాటలు... వీళ్లు పట్టుకున్నదంతా అదే.

ఇలాంటి రేడియోను వినేవాళ్లను ఒకసారి ఊహించుకోండి. పొయ్యి దగ్గర పెట్టుకున్న చిన్న సెట్టు. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్. ఒక్కటే స్పీకరు. ఎడమా లేదు, కుడీ లేదు. అక్కడ చేరాల్సింది మాట, పాట. అవి చేరాయా లేదా అన్నదొక్కటే పరీక్ష.

ఎఫ్ఎం స్టీరియోను తయారుచేసిన ఇంజినీర్లు కూడా ఇలాంటి సెట్టును మరిచిపోలేదు. అమెరికాలో 1961లో అనుమతి పొందిన పద్ధతినే ప్రపంచంలో చాలా దేశాలు అనుసరించాయి. అందులో ప్రధాన దారిలో పంపేది ఎడమ, కుడి కలిపిన మొత్తం. అంటే మోనో! ఎడమలోంచి కుడి తీసేయగా వచ్చే తేడాను 38 కిలోహెర్ట్జ్ దగ్గర విడిగా పంపుతారు. స్టీరియో సెట్టు రెంటినీ తీసుకుని, కూడికలు తీసివేతలు చేసి ఎడమ, కుడి విడదీస్తుంది. ఒక్క స్పీకరు సెట్టు మొదటిదాన్ని మాత్రమే తీసుకుంటుంది. సిగ్నల్ బలహీనపడితే ముందు ‘సుయ్’మని గోల చేసేది ఆ తేడా భాగమే. అందుకే ముంబయి హైవే మీద కారులో ఊరు దాటి దూరం పోయేకొద్దీ, రేడియో తనంతట తానే మెల్లగా మోనోలోకి జారుకుంటుంది. పాట తెగిపోకుండా ఉండటానికి ఎడమా కుడీ వదులుకుంటుందన్నమాట.

అంటే స్టీరియో పద్ధతిలోనే పాట మొత్తం ఉన్నది మోనోలో. తేడా అన్నది దానిమీద వేసిన జరీ అంచు. మన అడ్డదారి గిటార్ ఎక్కడుంది? ఆ అంచులోనే! ఒకవైపు తలకిందులు చేసిన గిటార్ ‘మొత్తం’లో సున్నా, ‘తేడా’లో మాత్రమే ఉంటుంది. అంచు చిరిగిన రోజున అదీ పోతుంది.

‘ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు’ అంటారా? ఒక్క స్పీకరు ఎక్కడికీ పోలేదు, రూపం మార్చుకుందంతే. బల్లమీది చిన్న బ్లూటూత్ స్పీకరు చాలాసార్లు మోనోనే. వాట్సప్‌లో వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి పంపేది మోనోనే. ఫంక్షన్ హాల్లో పెళ్లిపాట వినిపించే మైక్‌సెట్టూ చాలాచోట్ల మోనోనే. కొత్త ఫోన్లలో రెండు స్పీకర్లున్నా వాటిమధ్య జానెడు దూరం కూడా ఉండదు. గదికి ఆ చివరనున్న అమ్మమ్మకు అది ఒక్కటే.

పెద్ద స్టూడియోలకూ ఈ నియమం కొత్త కాదు. 1967లో బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ చేసినప్పుడు దగ్గరుండి చూసుకున్నది మోనో మిక్సింగ్‌నే. జనం ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి ఆ రోజుల్లో మోనో ప్లేయర్లే కాబట్టి.

పాట పంపేముందు...

ఈ అయిదూ చూసుకున్నాకే గ్రూపులో పెట్టండి.

1. మిక్సింగ్‌ను ముందు మోనోలోనే మొదలుపెట్టండి. అక్కడ గొంతు, గిటార్ విడివిడిగా తేటగా వినిపించాకే ఎడమ కుడి పంచండి.

2. పూర్తయ్యాక మళ్లీ మోనో మీట నొక్కి వినండి. ఏదైనా మాయమైతే, డొల్లబోతే ఆలస్యం, విశాలం చేసే ఎఫెక్టులు తీసేసి రెండోసారి వాయించండి.

3. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి వినడం మోనో పరీక్ష కాదు. అప్పుడు మీరు వినేది ఒక పక్కనే. రెండూ కలిస్తేనే మోనో.

4. పూర్తిగా పక్కకు నెట్టిన గిటార్లు మోనోలో గొంతుతో పోలిస్తే సుమారు 3 డెసిబెల్స్ తగ్గినట్టు వినిపించడం సహజం. అది లోపం కాదు. దానికి సరిపడా కాస్త పెంచుకోండి, లేదా పక్కకు తక్కువ నెట్టండి.

5. చివరగా ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా మామూలు ఫోన్ తీసుకుని, బల్లమీద పెట్టి, వంటింట్లో నిలబడి వినండి. అక్కడ కూడా బాగుంటే ఇక ఎక్కడైనా బాగుంటుంది.

ముందు గొంతు... తర్వాతే గిటార్

ఆఖరుగా ఒక్క మాట. గిటార్ పట్టుకున్న పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఒక మంచి ఆలోచన వస్తుంది. నానమ్మ పాడే బతుకమ్మ పాటకో, జోలపాటకో గిటార్ కలిపితే ఎలా ఉంటుందని. తప్పకుండా చేయండి. కానీ ఇద్దరూ ఒకే మైక్ ముందు కూర్చోవద్దు. అలా చేస్తే గొంతు, గిటార్ ఒకే ట్రాకులో కలిసిపోతాయి. పాలల్లో కలిసిన నీళ్లను విడదీయడం ఎంత తేలికో, తర్వాత వాటిని పంచడం అంతే తేలిక. విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చిన మాట నిజమే గానీ, ఎంతోకొంత మచ్చ మిగిల్చే పోతాయి.

ముందు పెద్దావిడ గొంతొక్కటే తీసుకోండి. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఒక్క మైక్, ఒక్క మోనో ట్రాక్. ఏ ఎఫెక్టూ వేయకుండా ఆ ఫైలును రెండుచోట్ల దాచండి. తర్వాత దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ మీ గిటార్‌ను విడి ట్రాకుల్లో, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వాయించండి. ఎడమకు జరపండి, కుడికి జరపండి, నచ్చకపోతే మొత్తం తీసేయండి.

మాచునూర్ మహిళలు క్యాసెట్ల రోజుల్లోనే చేసిన పని ఇదే. హంగుల మాట తర్వాత, ముందు గొంతును పట్టుకున్నారు. గిటార్ రేపైనా వాయించుకోవచ్చు. వచ్చే ఏడాది ఇంతకన్నా బాగా వాయిస్తారు కూడా. నానమ్మ పాట మాత్రం ఆమె పాడుతున్నప్పుడే రికార్డవుతుంది. ఆ పాటకు ఒక్క మైక్ చాలు.